తాతల ఓడకెక్కిన అయివారి గుర్తు

ఓబుళేసు ఓడ నుంచి సెలవుకు వచ్చిన రోజున, వాడి పెట్టె బోర్లించి బట్టలన్నీ ఉతుకుడుకు వేరుచేస్తుంటే, అడుగున అంజనమ్మకు చిన్న గుడ్డమూట దొరికింది. అది తను కట్టి ఇచ్చిందే. పోయినేడాది తమ్ముడు బయలుదేరేటప్పుడు అందులో ఏడు నల్లజీడిగింజలు వేసి ముడివేసింది. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టేది ఆ గింజల రసంతోనే. గింజను సూదితో పొడిచి, మొనకు అంటిన రసంతో బట్ట మూలన గీసి, పైన కాస్త సున్నం అద్దితే, బట్ట చినిగిపోవాలి తప్ప ఆ నలుపు పోదు. ఓడలో మిషన్లు ఉంటాయనీ, ప్రతి బట్టకూ కాగితం చీటీ గుచ్చుతారనీ, ఈ గింజలు ఎందుకనీ వాడు అప్పుడు నవ్వాడు. నవ్వినా తీసి పారేయలేదు. పెద్దామె కట్టి ఇచ్చింది గదా.

మూట విప్పి చూసింది. ఏడూ ఉన్నాయి. అయితే ఒక గింజకు సూదిపోటు ఉంది. ఆ పోటు చుట్టూ రసం కారి, ఎండి, నల్లగా మెరుస్తోంది.

అంజనమ్మ గింజను వేళ్ళమధ్య తిప్పి తిప్పి చూసి, మళ్ళీ మూటలోనే వేసి, బొడ్డులో దోపుకుంది. అడగలేదు. ఇది చిన్న సంగతి కాదు. బెళుగుప్పలో ఆమె అడగని ప్రశ్న లేదు. బస్సు దిగిన కొత్త మనిషి ఎవరింటికి పోవాలో, ఎందుకు పోవాలో, ఎన్ని దినాలుంటాడో ఆమెకు చెప్పిన తర్వాతే ఊర్లో అడుగుపెట్టేవాడు. ఎదురుగా ఉన్నది కరెంటాఫీసు దొర అయినా, గొర్రెల కాపరి అయినా, ఆమె అడగడం ఒకే తీరు. అట్లా అడిగి రాబట్టిన మాట మాత్రం ఆమె నోట్లోంచి బయటికి వచ్చేది కాదు. అది వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. ఉతికేవాళ్ళకు అన్నీ తెలుస్తాయి, తెలిసింది బండమీదే వదిలేయాలి అనేది వాళ్ళమ్మ.

గుర్తు పెట్టాలంటే ఒక ఇల్లు ఉండాలి. సముద్రం మధ్యలో వీడికి ఇల్లు ఎక్కడిది? ఆమెను తొలిచింది అదే.

*

అమ్మ పోయేనాటికి అంజనమ్మకు పందొమ్మిదేళ్ళు, ఓబుళేసుకు నాలుగు. తమ్ముణ్ణి చంకన వేసుకుని, అమ్మ ఉతికే నలభై ఇళ్ళనూ ఆమే పట్టుకుంది. పెళ్ళిచేసుకున్న తిప్పయ్య కూడా ఈ ఇంటికే వచ్చి, గాడిద మీద మూటలు మోస్తూ, ఇస్త్రీ చేస్తూ కుదురుకున్నాడు. నలభై ఇళ్ళంటే నలభై గుర్తులు. ఒకరికి మూడు చుక్కలు, ఒకరికి పీటముడి, ఒకరికి కాకికాలు, ఒకరికి రెండు గీతల మీద అడ్డగీత. అవి ఎక్కడా రాసి లేవు. అమ్మ తలలోంచి ఆమె తలలోకి వచ్చాయి. కొత్తగా ఒక ఇంటికి గుర్తు పెట్టాలంటే ఊరికే పెట్టేయకూడదు. ముందు ఆ ఇంటికి పోయి, నేలమీద గీసి చూపించి, ఇంటామె సరే అని చేటలో ధాన్యం పోశాకే బట్టమీద పెట్టాలి. ఒకరి గుర్తు ఇంకొకరికి పెట్టడమంటే ఒకరి గడపను పెరికి ఇంకొకరి ఇంటికి బిగించినట్టే.

ఆ నలభైలో ఒక గుర్తు అయిదేళ్ళుగా పనిలేకుండా ఉంది. నెలవంక, దాని కింద చుక్క. అది హనుమంతరాయుడు అయివారిది. అంజనమ్మ మూడో తరగతి దాకా చదువుకున్నది ఆయన దగ్గరే. తొంభై ఆరులో పెరట్లో బావి అడుగంటింది. అయివారు ఒక ఏడాది బిందెలతో నెట్టుకొచ్చి, వానలు పడితే వస్తానని చెప్పి, ఇంటికి తాళం వేసి బెంగళూరులో కూతురి దగ్గరకు పోయాడు. ఊర్లో తక్కినవాళ్ళు పనికి పోయినా కోతల సుగ్గినాటికి తిరిగొచ్చేవాళ్ళు. అయివారొక్కరే రాలేదు. ఆ తర్వాత ఊర్లోకి కొత్తగా వచ్చిన నర్సమ్మకు గుర్తు కావలసి వస్తే, అంజనమ్మ రెండు దినాలు తల బద్దలుకొట్టుకుని చేపముల్లు లాంటిది ఒకటి పుట్టించింది గానీ, నెలవంక జోలికి పోలేదు. వానలు పడితే వస్తానన్న మనిషి వచ్చి, నా గుర్తేదమ్మా అంటే ఏం చెప్పాలి?

ఏట్లో నీళ్ళు పోయాక ఉతుకుడు వెంకటరాముడి తోటలో బోరు తొట్టి దగ్గరకు మారింది. పొద్దున కరెంటు ఉండే మూడు గంటలే పని. అంత పనికి ఇద్దరు మగవాళ్ళు అక్కర్లేదని ఓబుళేసు బెంగళూరు పోయి ఒక పెద్ద హోటల్లో బట్టలుతికే చోట చేరాడు. అక్కడినుంచి బొంబాయి ఏజెంటు చేతిలో పడి, తొంభై ఎనిమిదిలో ఓడెక్కాడు. సరుకులు మోసే ఓడ కాదు. మనుషులు ఊరికే తిరిగేదానికి ఎక్కే ఓడ.

ఇప్పుడు రెండువేల రెండు జూన్. మృగశిర కార్తె వచ్చి వారమైనా ఆకాశంలో మబ్బుతునక లేదు. ఓబుళేసుకు రెండు ఓడలనుంచి పిలుపు వచ్చింది. పోయినేడాది పనిచేసిన ఓడ ఒకటి, అంతకు రెండేళ్ళ ముందు పనిచేసినది ఇంకొకటి. సోమవారం పదిగంటలకు ఏజెంటుకు ఫోన్ చేసి ఏ ఓడో చెప్పాలి. చెప్పకపోతే ఆ చోట్లు వేరేవాళ్ళకు పోతాయి. వచ్చిన నాటినుంచీ వాడు పోయినేడాది ఓడను పొగుడుతున్నాడు. పోతానంటున్నది మాత్రం అంతకుముందుదానికి. అంజనమ్మకు ఇది మింగుడుపడలేదు.

*

శుక్రవారం పొద్దున తొట్టి దగ్గర బట్టలు నానేసి, ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. ఏ ఓడ ఎట్లాంటిది, ఎక్కేవాళ్ళు ఎట్లాంటివాళ్ళు, ఒక్కటీ వదలకుండా చెప్పమంది. పక్కబండ మీద బయమ్మ ఉంది. అంజనమ్మకు వరసకు చిన్నమ్మ కూతురు. మాటకు మాట అడ్డం వేయకపోతే ఆమెకు చేతులు ఆడవు.

ముందు అసలు సంగతి బయమ్మకు అర్థం కాలేదు. ఆ ఓడ ఒక రేవులో బయలుదేరి, నీళ్ళమీద తిరిగి తిరిగి, మళ్ళీ అదే రేవుకు వస్తుందని ఓబుళేసు చెప్పాడు.

"యాడికీ పోకుండా వొచ్చేదానికి ఓడ యాలబ్బీ?" అంది బయమ్మ.

"తిరునాళ్ళకు పోయి నువ్వు మాత్రం యాడికి పోయొస్తాండావే? రథం సుట్టూ తిరిగి ఇంటికే గదా వొచ్చేది" అంది అంజనమ్మ.

అట్లా మొదటి ఓడకు, వాడు ఇప్పుడు పోతానంటున్నదానికి, తిరునాళ్ళ ఓడ అని పేరు పడిపోయింది. దాని అసలు పేరు ఓబుళేసు చెప్పినా వాళ్ళ నోటికి పట్టలేదు. వారం వారం మూడువేలమంది ఎక్కి దిగేవాళ్ళు. పిల్లలూ తల్లులూ కుర్రకారూ. వాళ్ళు తాగుబోతులని, తిండిపోతులని, మర్యాద తెలియనివాళ్ళని ఓడల్లో పనిచేసేవాళ్ళందరూ అనుకునే మాట. ఓబుళేసు మాత్రం వాళ్ళ ముఖాలు చూసింది లేదు. వాడి పని నీటిమట్టానికి కింద, ఓడ కడుపులో. కిటికీ లేదు, పగలు లేదు, పొద్దు లేదు. పైనుంచి గొట్టంలో తుండ్లు కొండలా వచ్చి పడేవి. ఒక మనిషికి దినానికి అయిదు తుండ్లు. వాటినిండా ఎండకు పూసుకునే నూనె. ఆ మరక ఒకపట్టాన వదలదు.

"అయిదా?" అని బయమ్మ ఆడించే చెయ్యి ఆపింది. బోరు గొట్టంలో బొటనవేలంత వచ్చే నీళ్ళకేసి చూసింది. వాటినన్నిటినీ ఉతికేదానికి నీళ్ళెక్కడివంటే, సముద్రం నీళ్ళనే కాగబెట్టి తియ్యనీళ్ళు చేస్తారని చెప్పాడు. ఎన్ని బిందెలని అంజనమ్మ అడిగింది. వాడు లెక్క తెలియక, మన ఊరి చెరువు నిండినప్పుడు ఉండేదాంట్లో సగం ఉంటుందేమో అన్నాడు. చెరువు నిండడం వాడు చూసింది చిన్నప్పుడు ఒక్కసారే. అందుకని ఆ సగం ఎంతో ముగ్గురికీ తెలియలేదు. ముగ్గురూ కాసేపు ఆ తెలియని నీళ్ళనే చూస్తూ ఉండిపోయారు.

"తాగుబోతులే అనుకో. వాళ్ళ జేబుల్లో ఏముండేదిరా?" అంది అంజనమ్మ.

వాడు నవ్వాడు. అక్క అడుగుతుందని వాడికి తెలుసు. ఇసుక, అన్నాడు. గవ్వలు. పిల్లల మేజోళ్ళలోనే కాదు, పెద్ద పెద్ద మగవాళ్ళ నిక్కర్ల జేబుల్లోనూ గవ్వలు. ఒకసారి దిండుగలీబులో ఒక కాగితం దొరికింది. 'ఉతికినవాళ్ళకు దండాలు' అని ఇంగ్లీషులో పిల్లరాతలో రాసి, పక్కన వంకరగా ఓడ బొమ్మ. నాలుగేళ్ళలో ముగ్గురు యజమానుల దగ్గర పనిచేస్తే ఉతికేవాళ్ళు ఉన్నారని తెలుసుకుని కాగితం పెట్టింది ఆ తాగుబోతుల ఓడలోనే.

రెండోది దొరల ఓడ. చిన్నది. మాపటి భోజనానికి అందరూ నల్లకోట్లు వేసుకోవాల్సిందే. వాళ్ళంత శుభ్రమైనవాళ్ళు, మర్యాదస్తులు లేరని పేరు. నిజంగానే బట్టలు పైకి మెరిసిపోతుండేవట. కాలరు తిప్పి చూస్తే మాత్రం ఎవరి మెడ అయినా ఒకటే. ఒక్క మడత కోసం చొక్కాను మూడుసార్లు కిందికి పంపేవాళ్ళు. ఒకరోజు ఒక నల్లకోటు లోపలి జేబులో, గుడ్డలో భద్రంగా చుట్టిన నాలుగు బన్నులు దొరికాయి. అడిగితే బుట్టెడు తెచ్చిపెట్టే చోట, ఆ దొర బన్నులు దాచుకున్నాడు.

బయమ్మ పడి పడి నవ్వింది. అంజనమ్మ నవ్వలేదు. వాళ్ళ నలభై ఇళ్ళలో కూడా, పేరు చెబితే పిల్లలు పరుగెత్తే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన జుబ్బా జేబులో వారం వారం పిప్పరమెంటు కాగితాలు దొరుకుతాయి. ఎవరిదని ఆమె చెప్పలేదు. బయమ్మ అడిగినా చెప్పదు.

"సిన్నప్పుడు యాడో ఆకలి సూసింటాడు పాపం" అని మాత్రం అంది. నల్లకోటు దొరను గురించి.

మూడోది తాతల ఓడ, పోయినేడాది పనిచేసినది. అది చెప్పేటప్పుడు వాడి గొంతు మారింది. అంజనమ్మ చేతిలో ఉన్న దుప్పటిని పిండడం మానేసి విన్నది. ఆ ఓడ మూడేసి నెలలు లోకమంతా తిరిగి వస్తుంది. ఎక్కేవాళ్ళందరికీ డెబ్బై దాటి ఉంటాయి. చావడానికి తీరికగా పోయేవాళ్ళ ఓడ అని తక్కిన ఓడలవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. పిసినారులని, సణుగుడు ఎక్కువని చెప్పుకునేవాళ్ళు. ఓబుళేసుకు వాళ్ళ బట్టలు అట్లా చెప్పలేదు. మురికిబట్టలను కూడా మడతపెట్టి సంచిలో వేసేవాళ్ళు. ఊడిన గుండీలు తెల్లచొక్కాకు ఎర్రదారంతో, నల్లదారంతో వాళ్ళే కుట్టుకునేవాళ్ళు, చూపు ఆనక. మేజోళ్ళు వేళ్ళ కిందనే అరిగిపోయి ఉండేవి. నడిస్తే మడమ దగ్గర అరుగుతాయి. వేళ్ళ కింద అరిగితే గంతులేస్తున్నారనే గదా.

"ముసలోళ్ళు గంతులా?" అంది బయమ్మ.

"బట్ట అబద్ధం చెప్పదు గదక్కా" అన్నాడు వాడు.

"అంత మంచి ఓడైతే దానికే పోరా మరి" అంది అంజనమ్మ.

వాడు తలవంచుకుని తడిదుప్పటి అంచు వెతకసాగాడు. దుప్పటికి అంచు కనబడకుండా పోతుందా? ఆమె మళ్ళీ ఊరుకుంది. ఆ సాయంత్రం బయమ్మ చెప్పగా ఊర్లో సగంమంది ఏ ఓడెక్కుతారో తేల్చుకున్నారు. ఆడవాళ్ళందరూ తాతల ఓడకే మొగ్గారు. టెలిఫోను బూతు శ్రీరంగప్ప ఒక్కడే నల్లకోటు కోసం దొరల ఓడన్నాడు.

*

ఆ శనివారం మధ్యాహ్నం తాళ్ళమీద ఆరేసిన దుప్పట్ల నీడలో అంజనమ్మ నడుం వాల్చింది. గాలి ఎత్తుకుంది. దుప్పట్లు ఉబ్బి, పడి, మళ్ళీ ఉబ్బాయి. ఎండ వాటిలోంచి పాలలా దిగుతోంది. తను ఏదో పెద్ద కడుపులో పడుకున్నట్టూ, ఆ కడుపు మెల్లగా కదులుతున్నట్టూ అనిపించింది. చేలమీద ఎండమావులు చెరువులా పరుచుకుని ఉన్నాయి. వాటిమీద తెల్లటి ఓడ ఒకటి విడపనకల్లు వైపునుంచి వస్తోంది. చప్పుడు లేదు. విత్తనం పడని ఎర్రచేలను దాటి, తంగేడు పొదలను దాటి, అయివారి ఇంటిముందు ఆగింది. పైన ముసలివాళ్ళు చేతులు పట్టుకుని వేళ్ళమీద ఆడుతున్నారు. తిప్పయ్య కూడా వాళ్ళలో ఉన్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో. ఓడకింద, నీటిమట్టానికి దిగువన, కిటికీ లేని చోట ఓబుళేసు ఒక్కడే నిలబడి ఉన్నాడు. పైకి రమ్మని ఆమె పిలుస్తోంది. వాడు నేలచూపులు చూస్తున్నాడు.

కళ్ళు తెరిచేసరికి వాడు నిజంగానే ఎదురుగా ఉన్నాడు, ఆరిన బట్టలు తీస్తూ. ఆమె లేచి కూర్చుని, బొడ్డులోంచి మూట తీసి, పోటుపడిన గింజను అరచేతిలో పెట్టి చాచింది.

"ఇది ఎవురింటి గుర్తు కోసం పొడిసినావురా?"

వాడు చేతిలో బట్టలు తాడుమీద వేసి, ఆమె పక్కన కూర్చున్నాడు. ఇంక దాచలేదు. తాతల ఓడలో ఒక ముసలామె ఉండేది. ఒక్కతే. వారం వారం ఆమె సంచిలో ఒక మగచొక్కా వచ్చేది. తెల్లది, సన్నటి నీలిచారలు. అది ఎవరూ తొడుక్కోని చొక్కా. చంకల్లో చెమట లేదు, కాలరుకు జిడ్డు లేదు, మోచేతి దగ్గర ముడుత లేదు. పోయినవారం వాడు పెట్టిన మడత అట్లాగే ఉండేది. ఉతికినదాన్నే మళ్ళీ ఉతికేదానికి పంపేది. ఒకవారం దాని చీటీ ఊడిపోయి చొక్కా ఎవరిదో తెలియని గుట్టలో పడింది. పైన గది ఊడ్చేవాడు దిగివచ్చి, రెండుదినాలుగా ఆమె గది తలుపు తెరవడం లేదని చెప్పాడు. ఓబుళేసు తన తిండి వేళలో గుట్టంతా తిరగేసి వెతికి పట్టాడు. ఇంక ఎప్పుడూ తప్పిపోకూడదని గింజ పొడిచి, కాలరు లోపలివైపు గుర్తు పెట్టాడు.

తర్వాతి వారం పెద్ద మేస్త్రీ ఆ చొక్కా పట్టుకుని వచ్చాడు. నలభైమందిని వరసలో నిలబెట్టి, ఈ నల్లమరక ఎవరు చేశారని అడిగాడు. ఓబుళేసు నేలచూపులు చూశాడు. ఎవరూ పలకలేదు. మేస్త్రీ చొక్కా తీసుకుని పైకి పోయాడు. ఎనిమిదో దినం ఓబుళేసు గడువు తీరి దిగిపోయాడు. ఆమె ఏమందో, చొక్కా ఏమైందో తెలియదు. మళ్ళీ ఆ ఓడెక్కితే మళ్ళీ ఆ వరసలో నిలబడాలి.

అంజనమ్మకు వాడి భయం అర్థమయింది. అయినా ఆమె మనసు ఇంకోచోట చిక్కుకుంది.

"ఏం గుర్తు పెట్టినావు?"

వాడు వేలితో మట్టిలో గీశాడు. నెలవంక. కింద చుక్క.

ఆమె దాన్ని చూసిన చూపుకు వాడు కాస్త వెనక్కి జరిగాడు.

"ఊర్లో నర్సమ్మకే ఇయ్యలేదు గదరా నేను. అయివారి గుర్తును తీసకపోయి సముద్రంలో ఏసొచ్చినావా?"

"మిగతావన్నీ మనుషులుండే గుర్తులక్కా. ఒగరిది ఇంగొగరికి పెట్టగూడదని నువ్వే చెప్పినావు. అదొగటే ఖాళీగా ఉండాది."

"ఖాళీ గాదు. బయటికి పోయిండాది."

గాలికి మట్టిలో నెలవంక ఒకవైపు పూడుకుపోయింది. చివరికి అంజనమ్మే నోరు తెరిచింది. చొక్కాకు గుర్తు పెట్టడం తప్పు కాదంది. బట్ట ఇల్లు చేరేదానికి పెట్టేదే గుర్తు. ఆ ముసలామెను అడక్కుండా పెట్టాడు, అది తప్పు. అయివారిని అడక్కుండా పెట్టాడు, అది ఇంకో తప్పు. మేస్త్రీ అడిగితే పలకలేదు, అది మూడోది. మూడింటికీ తిరునాళ్ళ ఓడలో దాక్కుంటే సరిపోతుందా?

"ఆమె తలుపు తీసిందో లేదో తెలుసుకోవాలని ల్యాదా నీకు?" అంది.

వాడు ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది ఆరిన దుప్పటితో. ఆమె దాన్ని తీసి మళ్ళీ మాసినవాటిలో వేసుకుంది.

*

సోమవారం పదికి శ్రీరంగప్ప టెలిఫోను బూతుకు అక్కా తమ్ముళ్ళిద్దరూ పోయారు. అద్దాల గదిలో ఒక్కరే పడతారు. అంజనమ్మ బయట నిలబడింది. మాట వినబడదు. లోపల వాడి వీపు ఒక్కటే కనబడుతుంది. ఆమెకు అది చాలు. మొదట చొక్కా రెండు రెక్కల నడుమ తడిసింది. తడి కిందికి పాకి నడుం దాకా వచ్చింది. వాడు వంగి, గొంతు దగ్గరకు చెయ్యి పెట్టుకున్నాడు. అదిగో, ఇప్పుడు చెప్పుతున్నాడు అనుకుంది. తర్వాత చాలాసేపు కదల్లేదు. మీటరులో ఎర్రంకెలు మారుతూనే ఉన్నాయి. శ్రీరంగప్ప ఏందత్తా సంగతి అని రెండుసార్లు అడిగాడు. అందరినీ అడిగే మనిషి ఆ పూట జవాబు చెప్పలేదు. అప్పుడు వాడి వీపు నిటారుగా అయింది. భుజాల దగ్గర బట్ట సాగి, తడి మడతలన్నీ విప్పుకున్నాయి.

"యా ఓడ?" అంది, వాడు బయటికి రాగానే.

"తాతల ఓడే."

మరక సంగతి తన కాగితాల్లో లేదన్నాడట ఏజెంటు. మేస్త్రీ ఊరుకుంటాడో, దింపేస్తాడో తనకు తెలియదని, చెప్పుకునేదేదో పోయి ఆయనకే చెప్పుకోమని అన్నాడట. దింపేస్తే ఇంటికి వచ్చి మూటలు మోస్తానన్నాడు ఓబుళేసు. ఆ మాట తేలిగ్గానే అన్నాడు.

వాడు బయలుదేరిన రోజు ఆమె మళ్ళీ గింజల మూట పెట్టెలో వేసింది. ఈసారి వాడు నవ్వలేదు. అడిగి పెట్టు, అని ఒక్కమాట చెప్పింది.

*

వానలు ఆ ఏడు కూడా మొహం చాటేశాయి. వేరుశనగ అరచేతి ఎత్తున వచ్చి ఎండింది. వెంకటరాముడి బోరు వారానికి నాలుగు దినాలకు తగ్గింది. డిసెంబరులో ఒకనాడు ఓబుళేసు ఫోన్ చేశాడని శ్రీరంగప్ప కబురుపెట్టాడు. ఆమె తడిచేతులతోనే పోయింది. గంట తర్వాత మళ్ళీ చేస్తానన్నవాడు సరిగ్గా గంటకే చేశాడు.

గొంతు దూరంగా, నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. ఓడెక్కిన మొదటిరోజే మేస్త్రీకి చెప్పేశానన్నాడు. చెప్పిన దినం నుంచి నెలరోజులు తడినేల వైపు పడేశారట, మడతపెట్టే చోటికి రానివ్వకుండా. దింపెయ్యలేదు. నవంబరులో ఆ ముసలామె మళ్ళీ ఎక్కింది. చొక్కా వచ్చింది. గుర్తు అట్లాగే ఉంది. పోయినసారి ఆమె మేస్త్రీని అడిగింది కూడా ఫిర్యాదు కాదట. ఇది ఏందో తెలుసుకుని రమ్మన్నదట. గది ఊడ్చేవాడు మొన్న చెప్పాడు. మేస్త్రీ సెలవిస్తే వాడి చేతనే జవాబు చెప్పించాడు ఓబుళేసు. మా ఊర్లో బట్ట తప్పిపోకుండా ఇంటికి చేరేదానికి పెడతామని.

"తర్వాత వారం చొక్కాతో బాటు ఆమె రవిక వచ్చిందక్కా. కాలరు లోపల పెన్నుతో గీసుకునిండాది. నెలవంక. సుక్క మాత్రం పైన పెట్టింది, తెలీక. ఉతికితే పోయింది. మళ్ళీ వారం మళ్ళీ గీసింది. రెండూ ఒగ ఇంటివే అని చెప్పేదానికేమో. గింజతో నన్ను పెట్టమంటావా? ఆమెను అడిగినా. సరేనంది. మేస్త్రీని అడిగినా. ఇంగ నిన్ను అడగాల."

అంజనమ్మ అద్దంలోంచి బయటికి చూసింది. వీధికి ఆ పక్కన అయివారి ఇల్లు. తాళం తుప్పుపట్టి తలుపు రంగులో కలిసిపోయింది. గడపముందు వేపాకులు గుట్టపడి ఉన్నాయి. ఊడ్చేది కూడా తనే, పండగకో పబ్బానికో.

"నన్ను గాదు" అంది. "అయివారిని అడగాల. అడిగి చెప్తా. అందాకా ఆమెను గీసుకుంటా ఉండమను. సుక్క కింద పెట్టమను."

ఆమె ఉత్తరం రాసి ముప్పై ఏళ్ళు దాటింది. కార్డు కొనుక్కుని, తిప్పయ్య ఇస్త్రీ బల్లమీద కూర్చుని, మధ్యాహ్నమంతా రాసింది. మొదట అయివారి ఆరోగ్యం అడిగింది, తర్వాత కూతురి సంసారం, మనవళ్ళ చదువు, బెంగళూరులో నీళ్ళు ఎన్ని దినాలకు వస్తాయి, వాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారు, తెల్లగా వస్తాయా అని అడిగింది. అడగాల్సినది రాసేదానికి చోటు మిగల్లేదు. ఇంకో కార్డు కొని, తాతల ఓడ సంగతి, చొక్కా సంగతి రాసి, మీ గుర్తు ఇయ్యమంటారా, తమరు వచ్చేది ఉంటే ఇయ్యను, అని రాసింది. కింద నెలవంక గీసి, చుక్క పెట్టింది.

ఇరవై దినాలకు జవాబు వచ్చింది. అక్షరాలు వణికినా ఒత్తులు ఒక్కటీ తప్పలేదు. మొదటి కార్డులో ఆమె చేసిన తప్పులు నాలుగు దిద్ది పంపాడు అయివారు. తర్వాత ఇట్లా ఉంది: 'ఇచ్చేయి తల్లీ. అంత దూరం పోయిన గుర్తును వెనక్కి పిలవకూడదు. నేను వచ్చినప్పుడు నాకు వేరేది పెడుదువు.'

వస్తే అని రాయలేదు. వచ్చినప్పుడు అని రాశాడు. అంజనమ్మ ఆ మాటను మూడుసార్లు చదివింది.

ఓబుళేసుకు కబురు పోయింది. మరుసటిరోజు పొద్దున కరెంటు వచ్చేదానికి ముందే ఆమె తొట్టి దగ్గరకు చేరింది. బయమ్మ ఇంకా రాలేదు. బండ అప్పుడే వేడెక్కుతోంది. తొట్టి అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి బండమీద ఒక గుర్తు గీసింది, అయివారికి. రెండు అలలు, మీద గీత. నచ్చలేదు. అది ఆరిపోయేలోగా ఇంకొకటి గీసింది. ఓడ లాగా వచ్చింది. కాదనుకుంది. గీసినది గీసినట్టే ఆరిపోతోంది. వేలు మళ్ళీ ముంచింది. తొందరేమీ లేదు, ఆయన వచ్చేలోగా మంచిది ఒకటి దొరక్కపోతుందా.